మన్యం మలుపుల్లో సైకిల్ సవారీ

మారేడుమిల్లి అడవిని మీరు చూసే వుంటారు. 'మేమెప్పుడూ అటు వెళ్ళలేదే!' అంటారా? వెళ్ళక్కర్లేదు. 2021 డిసెంబర్ 17న విడుదలైన 'పుష్ప - ది రైజ్' చూశారు కదా! అల్లు అర్జున్ భుజం ఎగరేసుకుంటూ దుంగల లారీల వెంట తిరిగిన ఆ పచ్చటి అడవిలో చాలా భాగం మారేడుమిల్లిదే. కథ జరిగేది శేషాచలం కొండల్లో. కెమెరా తిరిగింది గోదావరి మన్యంలో. ఫైట్ సీన్‌లో హీరోకి డూపు వున్నట్టే, శేషాచలానికి మారేడుమిల్లి డూపుగా నటించిందన్నమాట! డూపు అని ఎవరూ కనిపెట్టలేనంత బాగా నటించింది కూడాను.

ఆ మరుసటేడు, 2022లో, 'ఆచార్య'లో చిరంజీవి, రామ్ చరణ్ ఈ అడవిలోనే కనిపించారు. అదే ఏడాది నవంబర్ 25న వచ్చిన అల్లరి నరేష్ సినిమాకైతే ఏకంగా ఊరిపేరే పెట్టేశారు - 'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం'. డూపు వేషాలు వేసీ వేసీ చివరికి టైటిల్ రోల్ కొట్టేసింది!

అయితే ఒక్క చిక్కుంది. తెరమీద అడవి మూడు సెకన్లు వుండి కట్ అయిపోతుంది. కారులో వెళితే కిటికీ అద్దం అవతల గంటసేపు పరిగెత్తి మాయమవుతుంది. అడవిని అడవిలా చూడాలంటే నడవాలి. నడిచే ఓపిక, అంత తీరిక లేవనుకుంటే... సైకిలెక్కాలి! మేం నలుగురం అదే పని చేశాం. అక్కడ చూసిందీ, విన్నదీ, తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

ఎదురుగాలే మా కొండ

గోదావరి జిల్లాల వాడికి సైకిల్ కొత్తేమీ కాదు. కాలువ గట్టుమీద కొబ్బరికాయల గెలలు రెండుపక్కలా వేలాడదీసుకుని, ముందు బారుమీద ఓ పిల్లాణ్ణి కూచోబెట్టుకుని, వెనక కేరియర్‌మీద ఇల్లాలితో తాపీగా తొక్కుకుపోయేవాళ్ళ గడ్డ ఇది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించింది 1847-1852 మధ్య. అక్కణ్ణుంచి కాలువలొచ్చాయి. కాలువలకి గట్లొచ్చాయి. గట్లమీదికి సైకిళ్ళొచ్చాయి. కాలువలో నీళ్ళకే పెద్ద వాలు అక్కర్లేని నేల. ఇక సైకిల్‌కి వాలెక్కడ దొరుకుతుంది? డెల్టా కుర్రాడికి ఎత్తంటే లాకు వంతెన. మరీ పెద్ద ఎత్తంటే 1974లో తెరిచిన రాజమండ్రి - కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన. అంతే!

కోనసీమనుంచి మాతో వచ్చిన మిత్రుడొకడు, "మాకు ఎదురుగాలే కొండండీ. సముద్రంవైపు తొక్కితే తెలుస్తుంది" అన్నాడు. నిజమే. కానీ ఎదురుగాలికీ, ఎదురు కొండకీ ఒక తేడా వుంది. గాలి సాయంత్రానికి ఆగుతుంది. కొండ ఆగదు.

అందుకే రాజమండ్రినుంచి మన్యందాకా ఈ ప్రయాణంలో ఒక తమాషా వుంది. సుమారు 85 కిలోమీటర్ల దూరంలో బల్లపరుపు నేలనుంచి మేఘాలు తగిలే ఘాట్‌దాకా ప్రపంచం మారిపోతుంది. తెల్లవారుజామున బయల్దేరితే మొదట కోరుకొండ వస్తుంది. ఊరి నడుమ ఒంటరిగా నిలబడ్డ కొండ, దానిమీద లక్ష్మీనరసింహస్వామి. 'ముందున్నది ముసళ్ళ పండగ' అని చెప్పడానికే ఆ స్వామి అక్కడ కూర్చున్నాడేమో అనిపిస్తుంది! తర్వాత గోకవరం. ఇక్కడ ఆగి ఇడ్లీ తినండి. గోకవరం దాటాక రోడ్డు స్వభావం మారుతుంది. కొబ్బరిచెట్లు వెనకపడతాయి, జీడిమామిడి తోటలొస్తాయి, తర్వాత టేకు, తర్వాత వెదురు. సీతపల్లి వాగు దగ్గరికి వచ్చేసరికి తొక్కుడు బరువెక్కుతుంది. ఆ వాగుమీదే రంపచోడవరం దగ్గర భూపతిపాలెం రిజర్వాయరు కట్టారు.

రంపచోడవరం మన్యానికి గుమ్మంలాంటిది. ఐ.టి.డి.ఎ. ఆఫీసు, ఆస్పత్రి, సంత, సైకిల్ పంక్చర్లు వేసే షాపు - అన్నీ ఇక్కడే. ట్యూబులూ, బ్రేకు కట్టెలూ కొనుక్కునేది వుంటే ఇక్కడే కొనుక్కోండి. ఇక్కణ్ణుంచి మారేడుమిల్లి సుమారు 28 కిలోమీటర్లు. కాగితాలమీద ఇదివరకు ఇదంతా తూర్పు గోదావరి జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారినంత మాత్రాన వాగు దారి మార్చుకోదుగా! మన్యం చినుకు సీలేరు, శబరిలో చేరి చివరికి గోదాట్లోనే కలుస్తుంది.

కాలిపోయిన గ్రీజు కథ

కొండల్లో సైకిల్ తొక్కడమనే సరదా ఎక్కడ పుట్టిందో చెప్పాలి. కథ మన సినిమా ఫ్లాష్‌బ్యాక్‌లా వుంటుంది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మేరిన్ కౌంటీ, టమాల్పయస్ కొండ. 1970 దశకం. జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు కొందరు, 1930, 40ల్లో తయారైన పాత లావుటైర్ల సైకిళ్ళని తుక్కుధరకి కొని, కొండమీదికి తోసుకెళ్ళి, మట్టిరోడ్డున కిందికి వదిలేవాళ్ళు. 1976 అక్టోబర్ 21న మొదటిసారి పందెం పెట్టుకున్నారు. దారి పొడవు రెండు మైళ్ళు, దిగే ఎత్తు సుమారు 1300 అడుగులు. ఆ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వుండేది. కిందికి చేరేసరికి వెనక చక్రం హబ్బులో గ్రీజంతా కాలి పొగయిపోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరితేగానీ ఇంకో పందేనికి పనికొచ్చేది కాదు. గ్రీజు మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో 'రిపాక్' అంటారు. ఆ దారి పేరు 'రిపాక్' అయిపోయింది! గేరీ ఫిషర్ అనే కుర్రాడు ఆ దారి 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు కొట్టాడు. ఆ ముఠాలోనే జో బ్రీజ్ అనే అతను 1977లో పాత సైకిల్ వెతుక్కోవడం మానేసి కొండలకోసమే కొత్త సైకిల్ తయారుచేశాడు. ఇరవైయేళ్ళు తిరక్కుండా, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిల్ పందెం చేరిపోయింది. తుక్కు సైకిల్‌తో మొదలై ఒలింపిక్స్‌దాకా! రజతోత్సవం ఆడిన సినిమాలక్కూడా ఇంత మంచి క్లైమాక్స్ లేదు.

అన్నట్టు, మన సినిమా హీరోలకి సైకిల్ పందెం అంతగా అచ్చిరాలేదు. 1992లో హిందీలో వచ్చిన 'జో జీతా వొహీ సికందర్' కథంతా సైకిల్ రేసుమీదే నడుస్తుంది. అదే ఛాయల్లో 1999లో పవన్ కళ్యాణ్ 'తమ్ముడు' తీస్తే, హీరో సైకిల్ దిగి కిక్ బాక్సింగ్ రింగులోకి ఎక్కేశాడు! తెలుగు తెరమీద కొండ సైకిల్ పందెం బాకీ అలాగే వుండిపోయింది. మారేడుమిల్లి ఘాట్ లొకేషన్ సిద్ధంగా వుంది. నిర్మాతలెవరైనా వింటున్నారా?

గేరులో వున్న గుట్టు

మా నలుగురిలో ఇద్దరివి గేర్ల సైకిళ్ళు. ఒకరిది తండ్రిగారు వాడిన అట్లాసు. నాలుగోది నాది, అద్దెకి తెచ్చిన సైకిల్. అట్లాసు మిత్రుడు బయల్దేరేటప్పుడు మీసం మెలేశాడు. "మా నాన్న దీనిమీద నలభైయేళ్ళు బడికెళ్ళి పాఠం చెప్పాడు. కొండెక్కలేదా ఇది?" అన్నాడు. ఎక్కలేదు. అందులో అట్లాసు తప్పు లేదు, లెక్క తప్పు.

లెక్కేమిటో వినండి. పాతరకం సైకిల్‌కి ముందు చక్రపళ్ళు 44, వెనక ఫ్రీవీలు పళ్ళు 18 వున్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క తొక్కుడికి సుమారు 18 అడుగులు ముందుకి పోవాలి. చదునునేలమీద అది వరం. ఘాట్‌లో అది శాపం. మనిషినీ సైకిల్‌నీ కలిపి ఒక్క తొక్కుడులో 18 అడుగులు కొండమీదికి లాగడమంటే బస్తా నెత్తిన పెట్టుకుని మెట్లు నాలుగేసి ఎక్కడమన్నమాట. కొండ సైకిల్‌కి ముందు 32 పళ్ళు, వెనక 50 పళ్ళు పెట్టుకునే వీలుంటుంది. అప్పుడు ఒక్క చుట్టుకి చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. అయిదడుగుల లోపే కదులుతుంది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కడం! ఆలస్యం అవుతుంది, కానీ ఆయాసం తగ్గుతుంది. శ్రమ మొత్తం తగ్గదు సుమండీ. చిన్న చిన్న వాయిదాల్లో కట్టుకోవచ్చు, అంతే.

అట్లాసు మిత్రుడు ఎత్తు వచ్చినచోటల్లా దిగి నడిపించాడు. "నడిపిస్తే సిగ్గేముందండీ? అడవి ఇంకా బాగా కనిపిస్తోంది" అన్నాడు. మాటవరసకి అన్నాడనుకున్నాం గానీ, ఆకుచాటున వున్న నెమలిని ముందుగా చూసింది అతనే.

ఆకుల సొరంగంలోంచి

మారేడుమిల్లిలో రాత్రి ఆగి తెల్లారి చింతూరు రోడ్డు పట్టాం. అసలు సిసలు ఘాట్ ఇదే. చింతూరు సుమారు 45 కిలోమీటర్లు. రెండువైపులా చెట్లు పైన కలుసుకుని సొరంగం కట్టేస్తాయి. పొద్దున్న ఎనిమిదైనా రోడ్డుమీద ఎండ పడదు. పొగమంచులో పది గజాల అవతల ఏముందో తెలీదు. కెమెరామెన్లు ఈ రోడ్డుకి ఎందుకు పడిచస్తారో అప్పుడర్థమవుతుంది. ఆకుల సందుల్లోంచి వాలుగా దిగే వెలుతురుకి స్టూడియో లైట్లు ఎన్ని పెట్టినా సాటిరావు.

దారిలో జలతరంగిణి జలపాతం. పేరు పెట్టినవారికి సంగీతం తెలుసు! రాతిమీంచి రాతిమీదికి నీళ్ళు దూకే చప్పుడు గిన్నెలమీద పుల్లతో వాయించినట్టే వుంటుంది. ఇంకా ముందుకెళితే అమృతధార. రోడ్డుమీంచి కాలిబాటన లోపలికి దిగాలి. ఆ తర్వాత టైగర్ క్యాంపు. పులి కనిపించలేదు. కనిపించనందుకు మాలో ఎవరూ విచారించలేదు కూడా!

సైకిల్‌మీద వెళ్ళేవాడికి అడవి ముందు ముక్కుకి తెలుస్తుంది. తడిసిన వెదురాకు వాసన ఒకచోట, ఇప్పపువ్వు రోజుల్లో తీపి వాసన ఇంకోచోట, ఎక్కడో పొయ్యిమీద కాలుతున్న పచ్చి బొంగు వాసన మరోచోట. తర్వాత చెవికి. ఇంజను మోత లేదు కనక పిట్ట అరుపు, వాగు చప్పుడు, ఎండుటాకులమీద ఏదో పరిగెత్తిన అలికిడి అన్నీ వినిపిస్తాయి. కంటికి కనిపించేది ఆఖర్న. సినిమాలో ఇది తలకిందులు - ముందు కన్ను, తర్వాత చెవి, ముక్కుకి అసలు పనే లేదు!

ఎక్కడం అయింది. ఇక దిగడం. మజా అంతా ఇక్కడే వుంది, మృత్యువూ ఇక్కడే వుంది. మాట కటువుగా వుంటే క్షమించండి. కానీ 2019 అక్టోబర్ 15న ఈ మారేడుమిల్లి - చింతూరు ఘాట్‌లో వాల్మీకికొండ దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి 8 మంది పోయారు. 2025 డిసెంబర్ 12న తులసిపాక సమీపంలో ఇంకో బస్సు పడి 9 మంది పోయారు. వాళ్ళందరూ తీర్థయాత్రలకో, విహారానికో బయల్దేరినవాళ్ళే. ఆ మలుపులు దాటుతున్నప్పుడు మా నలుగురిలో ఎవరం మాట్లాడలేదు.

సైకిల్‌మీద దిగేవాడు గుర్తుంచుకోవాల్సింది ఇది. మలుపులో బ్రేకు వేయకూడదు, మలుపుకి ముందు వెయ్యాలి. ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుకే వుంది. కానీ దాన్ని ఒక్కసారి బిగబట్టి నొక్కితే సైకిల్ మనల్ని దాటుకుని వెనక్కి రాదు, మనమే సైకిల్‌ని దాటుకుని ముందుకి పోతాం! కాబట్టి రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా, పట్టి వదిలి, పట్టి వదిలి వాడాలి. అదేపనిగా పట్టుకుంటే బ్రేకు వేడెక్కి పట్టు తప్పుతుంది - రిపాక్ కుర్రాళ్ళ గ్రీజు కాలింది ఇందుకే. రాళ్ళదారిన పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో వుంచి, సీటుమీంచి కొంచెం లేచి, బరువు వెనక్కి వెయ్యాలి. చూపు ముందు చక్రంమీద కాదు, పోవాల్సిన చోటుమీద. గోతిని చూస్తూ తొక్కితే గోతిలోకే పోతాం. ఇది కొండలకే కాదు, జీవితానికీ వర్తిస్తుందని మాలో పెద్దాయన ఒక ఉపన్యాసం మొదలెట్టబోయారు. మలుపొచ్చింది, బతికిపోయాం!

కూపు రోడ్లు, కాలిబాటలు

తారురోడ్డు సంగతి సరే. అసలు కొండ సైకిల్ తొక్కేవాడికి కావాల్సింది మట్టి దారి. అవి ఇక్కడ మూడు రకాలు.

మొదటివి కూపు రోడ్లు. అడవిని కూపులుగా విడగొట్టి వంతులవారీగా కలప, వెదురు నరికే రోజుల్లో లారీలకోసం వేసినవి. రాజమండ్రి పేపరు మిల్లుకి మన్యం వెదురు వెళ్ళింది ఇలాంటి దారుల్లోనే. లారీ ఎక్కాలి కనక వాలు మరీ నిటారుగా వుండదు. వాడకం తగ్గినచోట గడ్డి మొలిచి మెత్తగా వుంటాయి. రెండోవి బండిబాటలు. పల్లెనుంచి పల్లెకి, పొలానికి. మూడోవి కాలిబాటలు. కొండరెడ్లు తరతరాలుగా నడిచి నడిచి వేసినవి. ఇవి ఒక్కోచోట కొండ చుట్టూ తిరుగుతాయి, ఒక్కోచోట నిచ్చెన వేసినట్టు తిన్నగా ఎక్కుతాయి.

పరాయి దేశాల్లో సైకిళ్ళకోసమే బాటలు తీర్చేవాళ్ళు ఒక సూత్రం పాటిస్తారు. దారి వాలు, ఆ కొండ వాలులో సగానికి మించకూడదు. కొండ నూటికి 20 వాలుంటే, దారి నూటికి 10 లోపే వుండాలి. అలా వుంటే వానొచ్చినప్పుడు నీళ్ళు దారిని అడ్డంగా దాటి పోతాయి. మించితే నీళ్ళకి దారే కాలువైపోతుంది. ఒకటి రెండు వర్షాకాలాలు గడిచాక మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలి, దారి కాస్తా వాగవుతుంది. దారి అంచుని లోయవైపు కొద్దిగా వాల్చడం, అక్కడక్కడా దారిని కాస్త పైకి లేపి మళ్ళీ దించడం - ఇవన్నీ నీటికి సెలవిచ్చి పంపే ఉపాయాలే. కాటన్ దొర డెల్టాలో నీళ్ళని ఎలా తీసుకురావాలా అని ఆలోచిస్తే, కొండబాట వేసేవాడు నీళ్ళని ఎలా పంపించాలా అని ఆలోచిస్తాడు!

మారేడుమిల్లికి దగ్గర్లోనే వలమూరు వుంది. వాగు ఒడ్డున అటవీశాఖ వాళ్ళ జంగిల్ స్టార్ క్యాంపు ఇక్కడిదే. వాలి సుగ్రీవులు కొట్టుకున్న మైదానం ఇదేనని స్థలపురాణం. ఆ పక్కన బండిబాటన వెళుతుంటే ఒక కొండరెడ్డి తాత ఎదురయ్యాడు. భుజాన కావడి. మమ్మల్నీ, మా సైకిళ్ళనీ, నెత్తిన టోపీలనీ పరకాయించి చూశాడు.

"బస్సు లేదా బాబూ?" అన్నాడు.

"వుంది తాతా. సరదాకి తొక్కుతున్నాం" అన్నాం.

సరదాకి కొండెక్కే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదేమో, పెద్దగా నవ్వాడు. నవ్వి, వెళ్ళబోతూ ఆగి అన్నాడు: "దిగేటప్పుడు గంట కొట్టండి బాబూ. మా ఆడోళ్ళు, పిల్లలు కట్టెలమోపు నెత్తినెట్టుకొని వస్తుంటారు. తల తిప్పి చూడలేరు."

అంతే. ఇంకేమీ అనలేదు. దూరదేశాల నియమాలన్నీ ఆ ఒక్క మాటలో వున్నాయి. నడిచేవాడిదే మొదటి హక్కు. దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి. మనకి అది ఆటస్థలం. వాళ్ళకి అది రేషన్ షాపుకీ, బడికీ, ఆస్పత్రికీ దారి. మనం వేగంగా దిగుతూ ఒక మలుపులో పొరపాటు చేస్తే, దెబ్బ తగిలేది మనకొక్కళ్ళకే కాదు.

ఈ దారి ఎవరిది?

మన్యంలో దారి గురించి మాట్లాడితే పితూరీ గురించి మాట్లాడకుండా వుండలేం. 1879లో రంప పితూరీ లేచింది. అడవిలో జీలుగు కల్లు గీసుకుని తాగే గిరిజనుడిమీద పన్ను వేశారు. ముఠాదార్లనీ, జనాన్నీ నిలువుదోపిడీ చేశారు. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడానికీ ఆంక్షలే. ఇక 1922 సంగతి మీకు సినిమా పుణ్యమా అని తెలుసు. కానీ ఆ మంట రాజుకోవడానికి ఒక ముఖ్య కారణం రోడ్డు పని అని చాలామందికి తెలీదు. నర్సీపట్నం వైపునుంచి మన్యంలోకి రోడ్లు వేయిస్తూ బాస్టియన్ అనే తాసిల్దారు గిరిజనులచేత అరకొర కూలికి వెట్టి చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక జనం నడవడానికి ఆ వెట్టి ఒక కారణం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద దాడి చేశారు. ఆ అక్టోబర్‌లో అడ్డతీగల, రంపచోడవరం వచ్చారు. 1924 మే 7న రాజు నేలకొరిగాడు.

యాభైయేళ్ళ తర్వాత, 1974 మే 1న, కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. ఆయన నూరో సినిమా. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావుగారు మధ్యలోనే కన్నుమూస్తే, మిగతాది కృష్ణగారే పూర్తిచేశారు. అది చూసి విల్లు బాణం పట్టుకోని కుర్రాడు ఆ రోజుల్లో లేడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనం జోరుగా గేరు మార్చుకుంటూ పోయే మన్యం దారుల కింద ఎవరి చెమట వుందో తెలియాలి కదా! ఈ నేలమీద గిరిజనేతరులు భూమి కొనకుండా 1970 నాటి 1/70 చట్టం వుంది. అడవి హక్కులకి 2006 చట్టం వుంది. చట్టాలు ఎన్నున్నా, అతిథి మర్యాద తెలియకపోతే అతిథి దొంగవుతాడు. మారేడుమిల్లిలో పర్యాటకుల వసతీ, క్యాంపులూ చూడడంలో వలమూరు, చుట్టుపక్కల పల్లెల వన సంరక్షణ సమితులకి భాగం కల్పించారు. అది మంచి పద్ధతి. రేపు ఎప్పుడైనా ఇక్కడ సైకిల్ బాటలు తీర్చే ఆలోచన వస్తే, వేసేదీ, కాపాడేదీ, దారి చూపేదీ, దానిమీద నాలుగు డబ్బులు సంపాదించేదీ ఆ పల్లెల కుర్రాళ్ళే కావాలి. ఈసారి కూలి అరకొర కాకూడదు.

గుడిసె గడ్డి

పుల్లంగి మీదుగా మారేడుమిల్లికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన గుడిసె అనే చోటుంది. చెట్లు లేని కొండలు, పైనంతా గడ్డి. తెల్లవారుజామున వెళితే మేఘాలు మన కాళ్ళకింద వుంటాయి. ఫోటోలు బయటికొచ్చాక జనం పోటెత్తారు. జీపులు, మోటారు సైకిళ్ళు గడ్డిమీదికే ఎక్కించేశారు. గడ్డిమీద చక్రం ఒకసారి పోతే గీత. వందసార్లు పోతే గాడి. వానొస్తే గాడి కాలువ. కాలువ పడ్డాక గడ్డి మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆపైన పొయ్యిలు, సీసాలు, ప్లాస్టిక్ సంచులు! సెట్ వేసిన సినిమా యూనిట్‌కైనా ప్యాకప్ చెప్పాక సెట్ తీసెయ్యాలన్న నియమం వుంటుంది. మనకి ప్యాకప్ చెప్పేవారు లేరు.

సైకిలైతే పాపం అంటదా అంటే, అంటుంది. తడినేలమీద బ్రేకు పట్టి చక్రం ఈడిస్తే సైకిల్ కూడా గాడి పెడుతుంది. అందుకే మేం గుడిసె దగ్గర బాట వున్నంతవరకే తొక్కి, గడ్డి మొదలయ్యేచోట సైకిళ్ళు పడుకోబెట్టి నడిచాం. మా అట్లాసు మిత్రుడికి అలవాటే కదా, అందరికంటే ముందు పైకెక్కి కూర్చున్నాడు!

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

అక్టోబర్ చివరినుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో వాగులు పొంగుతాయి, రాళ్ళు నాచు పడతాయి, ఘాట్ ప్రమాదం. రిజర్వు అడవిలోకి, కూపు రోడ్లలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. అది జంతువులకోసం, మీకోసం కూడా. 2025 నవంబర్ 18న మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయిన ఎదురుకాల్పులు ఈ మారేడుమిల్లి అడవిలోనే జరిగాయి. పోలీసులు ఆపి అడిగితే చికాకు పడకుండా జవాబివ్వండి. ఎక్కడికి వెళ్ళేదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ బసలో చెప్పి వెళ్ళండి. చాలాచోట్ల ఫోను పలకదు.

ఒంటరిగా వద్దు. చీకటి పడ్డాక వద్దు. హెల్మెట్ లేకుండా అసలొద్దు. హీరోలు పెట్టుకోరు నిజమే. వాళ్ళకి డూపు వున్నాడు, మీకు లేడు. రెండు ట్యూబులు, పంపు, గొలుసు అతికే పనిముట్టు, పంక్చరు సామాను, చాలినన్ని నీళ్ళు దగ్గరుంచుకోండి. దోమలున్నాయి, మలేరియా జాగా. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇంక తిండి! మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తినకుండా రావడం, సినిమాకెళ్ళి ఇంటర్వెల్‌లోనే తిరిగొచ్చెయ్యడం లాంటిది. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పులమీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. బొంగులో వున్న తేమకే ముక్క ఉడుకుతుంది. రోజంతా తొక్కినవాడికి దాని రుచి రెండింతలు. జీలుగు కల్లు కూడా దొరుకుతుంది. దాని జోలికి పోవాలనుకుంటే సైకిల్‌కి తాళం వేశాకే పొండి!

ఆఖరుమాట. ఎక్కడానికి దమ్ము కావాలి, దిగడానికి బుద్ధి కావాలి. దమ్ము నెలరోజులు తొక్కితే వస్తుంది. బుద్ధి మాత్రం, ఎదురుగా నెత్తిన మోపుతో ఒక మనిషి రావొచ్చని ప్రతి మలుపులోనూ అనుకుంటేనే వస్తుంది. అందుకని బయల్దేరేముందు బ్రేకులు చూసుకోండి. ఆ తర్వాత గంట మోగుతోందో లేదో, అదీ చూసుకోండి.